శిక్షణ సదుపాయాలతో కూడిన అగ్నిమాపక కేంద్రం

'''శిక్షణ సదుపాయాలతో కూడిన అగ్నిమాపక కేంద్రం''' అనగా ఫైరింజన్లను, సిబ్బందిని ఉంచడంతో పాటు, ఆ సిబ్బంది ప్రతిరోజూ అభ్యాసం చేయడానికి కావలసిన ఏర్పాట్లు భవనంలోనే అంతర్భాగంగా ఉండేటట్లు నిర్మించే అగ్నిమాపక కేంద్రం. ఇటువంటి కేంద్రంలో మెట్లు, గోడలు, పిట్టగోడలు, నీటి సంపులు, ఆవరణ వంటివి రోజువారీ అవసరాలకు ఉపయోగపడుతూనే నిచ్చెన ఎక్కడం, పొగలో గాలింపు, తాళ్ళతో దిగడం, నీటిని తోడడం వంటి విద్యలకు సాధన స్థలాలుగా కూడా ఉంటాయి. తెలంగాణలో కొత్తగా చేరే అగ్నిమాపక సిబ్బందికి ప్రాథమిక శిక్షణ రంగారెడ్డి జిల్లా వట్టినాగులపల్లిలోని అగ్నిమాపక మరియు పౌర రక్షణ శిక్షణా సంస్థలో ఇస్తారు. ఆ శిక్షణ పూర్తయిన తరువాత ఉద్యోగ జీవితమంతా నేర్చినదానిని నిలుపుకోవలసింది మాత్రం కేంద్రంలోనే. ఈ వ్యాసం అటువంటి కేంద్రం రూపకల్పనలోని ముఖ్యాంశాలను వివరిస్తుంది. వట్టినాగులపల్లి వలెనే హైదరాబాదు పశ్చిమ దిక్కున, జంట జలాశయాల నడుమ ఉన్న అజీజ్‌నగర్ (మొయినాబాద్ మండలం) పరిసరాలను ఇందుకు ఉదాహరణగా తీసుకుంటుంది.

== చరిత్ర ==

అగ్నిమాపక దళానికి క్రమబద్ధమైన శిక్షణ అవసరమన్న ఆలోచన 19వ శతాబ్దంలో బలపడింది. 1824లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ఏర్పడిన పురపాలక అగ్నిమాపక దళానికి నాయకత్వం వహించిన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ తన సిబ్బందికి నియమిత అభ్యాసాలు చేయించాడు. ఆ కాలంలో గొట్టాలు తోలుతోను, తరువాత నార బట్టతోను తయారయ్యేవి. వాడిన తరువాత వాటిని ఎత్తున వేలాడదీసి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేవి. ఇందుకోసం కేంద్రాలలో కట్టిన గోపురాలే క్రమంగా నిచ్చెన అభ్యాసానికి కూడా వాడుకలోకి వచ్చి డ్రిల్ టవర్లుగా మారాయి. ఒకే కట్టడం రెండు పనులకు ఉపయోగపడటం అనే సూత్రానికి ఇది తొలి ఉదాహరణ.

భారతదేశంలో 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిన దుర్ఘటనలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. వారి స్మృత్యర్థం ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం పాటిస్తారు. స్వాతంత్ర్యానంతరం 1956లో ఉత్తర ప్రదేశ్‌లోని రాంపూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల ప్రారంభమై, మరుసటి సంవత్సరం నాగపూర్‌కు తరలింది. అధికారుల స్థాయి శిక్షణ అక్కడ, ఫైర్‌మన్ స్థాయి శిక్షణ రాష్ట్రాల సంస్థలలో జరిగే విధానం అప్పటినుండి స్థిరపడింది.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలు అగ్నిమాపక సేవను పురపాలక సంఘాల విధులలో పేర్కొన్నది. అయితే ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఈ సేవ రాష్ట్ర ప్రభుత్వ హోం శాఖ పరిధిలోనే ఉన్నది. 1999లో చేసిన అగ్నిమాపక సేవల చట్టం దీనికి ఆధారం. 2024 జూలైలో కొత్త ఫైర్‌మెన్‌ల శిక్షణ ముగింపు కవాతు వట్టినాగులపల్లిలో ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి సమక్షంలో జరిగింది.

== ఆవశ్యకత ==

అగ్నిమాపక విద్య చేతి పని. కొన్ని నెలలపాటు చేయకుండా ఉంటే ముడి వేయడం, పంపును నడపడం, శ్వాస పరికరాన్ని క్షణాల్లో ధరించడం వంటి పనులలో వేగం తగ్గుతుంది. ఒక సాధారణ కేంద్రానికి అన్ని రకాల ప్రమాదాలూ తరచుగా రావు. గడ్డివాములు, చెత్తకుప్పలు, విద్యుత్ స్తంభాల మంటలు ఎక్కువగా వస్తే, బహుళ అంతస్తుల భవనంలో చిక్కుకున్నవారిని దించవలసిన సందర్భం ఏళ్ళ తరబడి రాకపోవచ్చు. వచ్చిన ఆ ఒక్క రోజున పొరపాటుకు తావుండదు.

దూరంలో ఉన్న శిక్షణా సంస్థకు సిబ్బందిని తరచుగా పంపడం దీనికి పరిష్కారం కాదు. ఉదాహరణకు, శిక్షణా స్థలం 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నదనుకుంటే, గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్ళే ఫైరింజనుకు తిరిగి రావడానికే అరగంట పడుతుంది. ఆ అరగంట సేపు దాని సొంత పరిధికి రక్షణ లేనట్లే. అభ్యాస స్థలం ఆవరణలోనే ఉంటే, 101 నంబరుకు ఫోను రాగానే సిబ్బంది సాధన ఆపి నేరుగా వాహనం ఎక్కగలరు. కాబట్టి కేంద్రంలోని ప్రతి శిక్షణ సదుపాయానికీ ఒక కనీస నియమం ఉన్నది: అక్కడినుండి వాహనం దాకా పరుగున చేరే దారి అడ్డంకులు లేకుండా ఉండాలి, గంట మోత అక్కడ వినబడాలి.

== స్థలం మరియు ప్రణాళిక ==

భారత పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు సిబ్బంది నివాసాలతో కూడిన అగ్నిమాపక కేంద్రానికి 1 హెక్టారు, ఉప కేంద్రానికి 0.6 హెక్టారు స్థలాన్ని సూచించాయి. శిక్షణ సదుపాయాలను మొదటి నక్షాలోనే చేర్చినట్లయితే ఈ విస్తీర్ణంలోనే అవి ఇముడుతాయి. భవనం కట్టిన తరువాత మిగిలిన మూలలో డ్రిల్ టవర్ నిలబెడితే, సాధారణంగా ఫైరింజను తిరగడానికి గాని గొట్టాలు పరవడానికి గాని చోటు చాలదు.

ప్రణాళికలో పాటించే అంశాలు:

* వాహనశాల రోడ్డు వైపు, అభ్యాస ఆవరణ వెనుక వైపు ఉండాలి. బయలుదేరే వాహనాల దారిని అభ్యాస ఆవరణ అడ్డగించరాదు.
* వాహనశాలకు ముందు, వెనుక రెండువైపులా తలుపులు ఉంటే, అభ్యాసం ముగిసిన వాహనం వెనుకనుండి లోపలికి వచ్చి ముందుకు మొగం పెట్టి నిలుస్తుంది.
* ఆవరణ నేల నీళ్ళతో నిండిన ఫైరింజను బరువును మోయగల కాంక్రీటుతో, ఒక వైపుకు వాలుతో ఉండాలి. వాలు చివర నీటిని పట్టే కాలువ ఉండాలి.
* నైరుతి ఋతుపవనాల కాలంలో ఈ ప్రాంతంలో గాలి ప్రధానంగా పడమటి దిక్కునుండి వీస్తుంది. పొగ, నీటి తుంపర నివాసాల వైపు పోకుండా అభ్యాస ఆవరణకు తూర్పు వైపున నివాస గృహాలు లేకుండా చూడాలి.
* వాచ్ రూం నుండి రోడ్డు, ఆవరణ రెండూ కనబడాలి.

== భవనంలో ఇమిడే సదుపాయాలు ==

=== డ్రిల్ టవర్ మరియు మెట్లు ===

టవరు నాలుగైదు అంతస్తుల ఎత్తున, ప్రతి అంతస్తుకూ వేర్వేరు రకాల కిటికీలతో ఉంటుంది. అగ్నిమాపక దళాలలో వాడే 10.5 మీటర్ల పొడిగింపు నిచ్చెనను నేలతో 75 డిగ్రీల కోణంలో నిలబెడితే సుమారు 10 మీటర్ల ఎత్తు చేరుతుంది. అనగా అది మూడవ అంతస్తు కిటికీ గట్టు వరకే అందుతుంది. ఆపై అంతస్తులకు మెట్లదారి గాని, తాళ్ళు గాని, హైడ్రాలిక్ ప్లాట్‌ఫారం వాహనం గాని శరణ్యం. ఈ పరిమితిని కంటితో చూసి తెలుసుకునేందుకు టవరుకు నిచ్చెన అందని అంతస్తు ఒకటైనా ఉండటం అవసరం.

టవరు మెట్లలో ఒక వరుసను వెడల్పుగా, మరొక వరుసను పాత బస్తీ ఇళ్ళలో వలె ఇరుకుగా, మలుపులతో నిర్మించవచ్చు. 2025 మే 18న హైదరాబాదు చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద, కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న భవనంలో మంటలు చెలరేగి 17 మంది మరణించారు. లోపలికి వెళ్ళే దారి బాగా ఇరుకుగా ఉండటం ఆ ప్రమాదంలో సహాయక చర్యలకు పెద్ద అడ్డంకి అయింది. వెడల్పైన మెట్లపై మాత్రమే గొట్టం లాగడం నేర్చిన దళానికి ఇటువంటి చోట ఆ అభ్యాసం పనికిరాదు.

=== పొగ గది ===

పొగ గది అనగా కిటికీలు లేని, కదిలే అడ్డుగోడలతో దారి మార్చగలిగే చీకటి గది. ఇందులో రంగస్థల ప్రదర్శనలకు వాడే విషరహిత పొగను నింపుతారు. సిబ్బంది శ్వాస పరికరం ధరించి, గోడను చేత్తో తడుముకుంటూ, మనిషి బరువున్న బొమ్మను వెదికి బయటకు తెస్తారు. 6 లీటర్ల సిలిండరులో 300 బార్ పీడనం వద్ద సుమారు 1,800 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 40 లీటర్ల చొప్పున పీల్చితే అది 45 నిమిషాలు, కఠిన శ్రమలో 60 లీటర్ల చొప్పున పీల్చితే 30 నిమిషాలు వస్తుంది. తిరిగి రావడానికి, ఆపదకు కొంత గాలిని మిగుల్చుకోవాలి గనుక పని చేసే సమయం ఇంకా తక్కువ. తన శరీరం ఎంత వేగంగా గాలిని ఖర్చు చేస్తుందో ప్రతి ఫైర్‌మన్‌కూ ముందే తెలిసి ఉండటమే ఈ గది ప్రయోజనం.

=== షట్టర్లు, గ్రిల్లులు ===

తెలుగు పట్టణాలలో దుకాణాలకు ఇనుప షట్టర్లు, ఇళ్ళ కిటికీలకు, బాల్కనీలకు ఇనుప గ్రిల్లులు సర్వసాధారణం. దొంగలనుండి కాపాడే ఇవే మంటల వేళ మనుషులను లోపల బంధిస్తాయి. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలోని తుక్కు గోదాములో జరిగిన అగ్నిప్రమాదంలో పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బీహారు కార్మికులు బయటపడలేక మరణించారు. అందువలన ఆవరణ గోడలో ఒక ఉక్కు చట్రాన్ని బిగించి, పాత షట్టరు పలకలను, గ్రిల్లు చువ్వలను అందులో మార్చి మార్చి అమర్చుకునే ఏర్పాటు చేస్తారు. చువ్వలను కోసిన తరువాత కొత్తవి పెట్టుకోవచ్చు గనుక ఖర్చు స్వల్పం.

=== సంపు మరియు పంపు సాధన ===

సాధారణ ఫైరింజనులో 4,500 లీటర్ల నీరు ఉంటుంది. నిమిషానికి 2,250 లీటర్ల సామర్థ్యం గల పంపును పూర్తిగా నడిపితే ఆ నీరు రెండు నిమిషాలలో అయిపోతుంది. కాబట్టి బావి, చెరువు, సంపు వంటివాటి నుండి నీటిని తోడుకోవడం డ్రైవర్ ఆపరేటరుకు ప్రాణావసరమైన విద్య. సముద్ర మట్టం వద్ద వాతావరణ పీడనం నీటిని సిద్ధాంతరీత్యా 10.3 మీటర్ల ఎత్తుకు నెట్టగలదు. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదు ప్రాంతంలో ఇది 9.7 మీటర్లకు తగ్గుతుంది. గొట్టంలో రాపిడి, కీళ్ళ వద్ద గాలి చొరబాటు కలుపుకుంటే ఆచరణలో 7 మీటర్ల లోతుకు మించి తోడటం కష్టం.

ఆవరణ కింద ఒక లోతైన సంపు నిర్మించి, నేలపై పడిన నీరు వడపోత గుండా మళ్ళీ అందులోకే చేరేటట్లు చేస్తే, అదే నీటితో అనేక మార్లు సాధన చేయవచ్చు. 500 చదరపు మీటర్ల పైకప్పు మీద సంవత్సరానికి 800 మి.మీ. వర్షం పడితే 4 లక్షల లీటర్ల నీరు వస్తుంది. వృథా పోయేది పోగా మిగిలినది అభ్యాసంలో తరిగే నీటిని భర్తీ చేయడానికి తోడ్పడుతుంది. ఎండాకాలంలో ట్యాంకర్లతో తాగునీరు కొనుక్కునే కాలనీల మధ్య మంచినీటిని అభ్యాసం పేరిట నేలపాలు చేయడం సమంజసం కాదు.

=== ఇరుకు స్థలాలు ===

మ్యాన్‌హోళ్ళు, సెప్టిక్ ట్యాంకులు, పాడుబడిన బావులలో దిగినవారు విషవాయువుల వలన మరణించడం, వారిని కాపాడబోయినవారు కూడా బలికావడం తరచుగా జరుగుతుంది. నిలువు గొట్టం, అడ్డ గొట్టం, మూత, పైన ముక్కాలి పీట పెట్టడానికి చోటు ఉంటే ఈ రక్షణ విద్యను సాధన చేయవచ్చు. ఈ గొట్టాలు నిజమైన మురుగు కాలువతో కలిసి ఉండరాదు, ప్రతిదానికీ రెండవ ద్వారం ఉండాలి.

== భద్రతా నియమాలు ==

శిక్షణలోనే ప్రాణాలు పోయిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1982 జనవరిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో నిజమైన మంటలతో చేసిన అభ్యాసంలో ఇద్దరు ఫైర్‌మెన్ మరణించారు. దీని తరువాత ఆ దేశపు జాతీయ అగ్ని రక్షణ సంఘం 1986లో ఎన్.ఎఫ్.పి.ఎ. 1403 అనే ప్రమాణాన్ని వెలువరించింది. నిజమైన మంటలతో శిక్షణ ఇచ్చేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను ఇది నిర్దేశించింది.

నివాసాలున్న కేంద్రంలో నిజమైన మంటల గదిని నిర్మించకపోవడమే ఉత్తమం. దానిని వట్టినాగులపల్లి వంటి శిక్షణా సంస్థకే పరిమితం చేసి, కేంద్రంలో పొగ, చీకటి, ఎత్తు, బరువు, నీరు అనే ఐదింటితో సాధన చేయించవచ్చు. తాళ్ళు కట్టే కొక్కేలను భవన ఉక్కు చట్రానికే బిగించి, నిర్ణీత వ్యవధిలో బరువుతో పరీక్షించాలి. ఎత్తున పనిచేసేవారికి ప్రధాన తాడుతో పాటు వేరే కొక్కేనికి కట్టిన రెండవ తాడు ఉండాలి. పొగ గదిని ఒక్క మీటతో క్షణాల్లో ఖాళీ చేసే పెద్ద పంకాలు ఉండాలి.

== సిబ్బంది ఆరోగ్యం ==

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. మసి, విష పదార్థాలు దుస్తులకు, చర్మానికి అంటుకుని కేంద్రంలోకి రావడం ఇందుకు ఒక మార్గం. కొత్త కేంద్రాలలో భవనాన్ని మూడు భాగాలుగా విభజిస్తారు: వాహనశాల, దుస్తులు ఉతికే గది మొదలైనవి మలిన భాగం, స్నానాల గదులు మధ్య భాగం, వంటగది, పడక గదులు శుభ్ర భాగం. అభ్యాసం చేసి వచ్చినవారు కూడా ఇదే వరుసలో లోపలికి రావాలి. మసి పట్టిన కోటును పడక గది వంకెకు తగిలించే అలవాటుకు భవన నిర్మాణమే అడ్డుకట్ట వేయాలన్నది దీని ఉద్దేశం.

== అజీజ్‌నగర్ పరిసరాలు ==

అజీజ్‌నగర్ చేవెళ్ల శాసనసభ నియోజకవర్గంలోని మొయినాబాద్ మండలానికి చెందిన గ్రామం. హైదరాబాదు నుండి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్ళే 163వ నంబరు జాతీయ రహదారి, 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఈ పరిసరాల గుండా పోతాయి. ఇక్కడ ఇంజనీరింగు కళాశాలలు, వసతి గృహాలు, ఫాంహౌసులు, పొలాలు పక్కపక్కనే ఉన్నాయి. ఇటువంటి చోట పనిచేసే దళానికి మూడు రకాల సాధన ముఖ్యం.

'''రహదారి ప్రమాదాలు:''' 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద తాండూరు నుండి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర లారీ ఢీకొని 19 మంది మరణించారు. కంకర బస్సులోని ప్రయాణికుల మీద కుప్పగా పడటం వలన వారిని వెలికి తీయడం కష్టమైంది. అభ్యాస ఆవరణలో ఒక పాత బస్సు ముక్కను, కొంత కంకరను ఉంచితే, హైడ్రాలిక్ కట్టరుతో లోహాన్ని కోయడం, బరువును తొలగిస్తూ లోపలివారి శ్వాసను కాపాడటం వంటివి సాధన చేయవచ్చు.

'''నీటి ప్రమాదాలు:''' 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు ఈ గ్రామానికి ఇరువైపులా ఉన్నాయి. 2020 అక్టోబరు వరదలలో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చింది. పడవ, ప్రాణరక్షక కోటు, విసురు తాడులతో సాధనకు కేంద్రపు సంపు చాలదు గనుక, వాటిని ఆరబెట్టి భద్రపరచే గదిని మాత్రం కేంద్రంలో ఏర్పాటు చేసి, సాధనను అనుమతితో జలాశయంలో చేయాలి.

'''నురగ వాడకం:''' ఇంధన మంటలను ఆర్పే కొన్ని రకాల నురగలలో ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి. ఇవి నేలలో, నీటిలో దశాబ్దాల పాటు నశించవు. వీటిలో ఒకటైన పి.ఎఫ్.ఓ.ఎస్.ను 2009లో, పి.ఎఫ్.ఓ.ఎ.ను 2019లో స్టాక్‌హోం ఒప్పందపు జాబితాలో చేర్చారు. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996 మార్చి 8న జి.ఓ. 111 వెలువడింది. 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 ఆ నిబంధనలను తొలగించినా, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతును విధించింది. నగరానికి తాగునీరు ఇచ్చే చెరువుల మధ్య అగ్నిమాపక కేంద్రమే కాలుష్య కారణం కాకూడదు. కనుక ఇక్కడ ఫ్లోరిన్ లేని శిక్షణ నురగను మాత్రమే వాడి, ఆ నీటిని వేరే తొట్టిలోకి మళ్ళించే కవాటాన్ని కాలువ వద్ద అమర్చాలి. సాధన సంపులోకి గాని, వర్షపు నీటి ఇంకుడు గుంతలోకి గాని నురగ చేరరాదు.

== విదేశీ ఉదాహరణ ==

న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్ ప్రాంతంలో 2019లో పూర్తయిన రెస్క్యూ కంపెనీ 2 కేంద్రం ఈ విధానానికి ప్రసిద్ధమైన నమూనా. జీన్ గ్యాంగ్ స్థాపించిన స్టూడియో గ్యాంగ్ అనే వాస్తుశిల్ప సంస్థ దీనిని రూపొందించింది. భవనం నడుమ ఉన్న ఎత్తైన ఖాళీ స్థలం చుట్టూ బాల్కనీలు, మెట్లు, తలుపులు, నిచ్చెనలు అమర్చబడ్డాయి. సిబ్బంది ఆ ఖాళీలోకి తాళ్ళతో దిగుతూ భవనాలలోని, భూగర్భంలోని ప్రమాదాలను అనుకరిస్తారు. మామూలు రోజులలో అదే ఖాళీ గుండా భవనానికి వెలుతురు, గాలి అందుతాయి.

== పరిమితులు ==

శిక్షణ సదుపాయాలు కట్టడం కంటే వాటిని వాడుకలో ఉంచడం కష్టమైన పని. టవరు గదులు పాత సామాను కొట్టుగా మారడం, సంపులో పూడిక చేరడం, పొగ యంత్రం చెడిపోవడం వలన సదుపాయాలు కాగితం మీదనే మిగిలే ప్రమాదమున్నది. దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, సామాను గదులను నక్షాలోనే తగినంతగా ఇవ్వడం. రెండవది, వీలైనన్ని సదుపాయాలను రోజూ వాడక తప్పని భాగాలలోనే కలపడం. సిబ్బంది ప్రతిరోజూ ఎక్కే మెట్లే గొట్టం లాగే మెట్లయితే వాటికి తాళం పడదు.

సిబ్బంది కొరత ఉన్న కేంద్రంలో ఎంత మంచి టవరున్నా ఉపయోగం తక్కువ. ఒక నిచ్చెనను సురక్షితంగా నిలబెట్టడానికి, ఒకరు ఎక్కుతుండగా పట్టుకోవడానికి, పర్యవేక్షించడానికి మనుషులు కావాలి. స్టేషన్ ఫైర్ ఆఫీసరు, లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, ఫైర్‌మెన్‌తో దళం పూర్తిగా ఉన్నప్పుడే ఈ ఏర్పాట్లు ఫలితమిస్తాయి. కాబట్టి భవన వ్యయాన్ని లెక్కించేటప్పుడే శిక్షకుని నియామకం, తాళ్ళు, గొట్టాల మార్పిడి, ఏటేటా జరిపే పరీక్షల ఖర్చును కూడా కలిపి లెక్కించవలసి ఉంటుంది.

== ఇవి కూడా చూడండి ==

* అగ్నిమాపక దళం
* మొయినాబాద్ మండలం
* ఉస్మాన్ సాగర్
* హిమాయత్ సాగర్
* వట్టినాగులపల్లి